మూడు అంగుళాలు పైకెత్తిన లైట్లు

డిసెంబరు 16, మంగళవారం, ఉదయం 6:50కి ఎమ్మిగనూరులో బయలుదేరాం. బండి మా చెల్లెలి కొడుకు మద్దిలేటిది, పాత పికప్. పశువుల దాణా తోలుతాడు. దాని లైట్లు మసకబారి, మంచుకాలంలో తెల్లవారుజామున బండి తీయడానికే భయపడుతున్నాడు. కొత్త లైట్లకు డబ్బు నేనిస్తానన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పని కళ్లారా చూడాలని నేనూ ఎక్కాను.

7:55కి ఆదోని చేరాం. లైట్లు కట్టించుకోవడానికి వెళ్లేవాళ్లు అంత పెందలాడే వెళ్లనక్కర్లేదు. షాపులు తొమ్మిదిన్నరకు గాని తెరవరు. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఇద్దరికీ డెబ్బై రూపాయలు.

ఎలక్ట్రీషియన్ మహబూబ్ యాభై దాటిన మనిషి. ముందు రెండు తెల్ల హెడ్‌లైట్లు పెట్టాడు. బంపరు కింద, పొగమంచు కోసం, రెండు పసుపు లైట్లు బిగించాడు. బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి, ఫ్యూజు వేసి, మధ్యలో రిలే పెట్టాడు. అదెందుకని అడిగాను.

"కరెంటంతా స్విచ్చిలో నుంచే పోతే స్విచ్చి కాలిపోతాదమ్మా. స్విచ్చి రిలేకి సెప్తాది, రిలే లైట్లకి ఇస్తాది."

వైర్లన్నీ గొట్టంలోకి దూర్చి, ఇంజను వేడి తగలకుండా పక్కగా కట్టాడు. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

సాయంత్రం ఆరుకు బండిని ఎదురుగోడకు ఇరవై అడుగుల దూరంలో నిలిపాడు. గోడ మీద లైటు ఎత్తులో సుద్దగీత గీసి, వెలుగు ఆ గీతకు నాలుగు అంగుళాలు కింద పడేలా మరలు తిప్పాడు. అక్కడ నేను నోరు పెట్టాను. లైటు ఎత్తు మూడడుగులు. ఇరవై అడుగులకు నాలుగు అంగుళాలు దిగితే వెలుగు నూట ఎనభై అడుగుల దగ్గరే నేలను తాకుతుంది. ఒక్క అంగుళం దిగితే ఏడు వందల ఇరవై అడుగులు పోతుంది. సుద్దముక్క తీసుకుని గోడ మీదే లెక్క వేసి చూపించాను.

మహబూబ్ నవ్వాడు. "మీ బడిలో సేరింటే నేను మూడో తరగతి దాటేటోన్ని కాదమ్మా. లెక్క సరే, ఎదురొచ్చేటోని కండ్లు యాడ ఏసినారు ఇందులో? లోడేస్తే బండి మూతి లేస్తాది గూడ."

"డబ్బిచ్చేది నేను. పైకెత్తు" అన్నాను. చుట్టూ నలుగురున్నారు. అతను మళ్లీ మరలు తిప్పి మూడు అంగుళాలు ఎత్తాడు.

దాణాకి పత్తిగింజల చెక్క ఇరవై అయిదు బస్తాలు ఎక్కించేసరికి ఎనిమిది దాటింది. లాడ్జిలో రెండు గదులు తీసుకుని పడుకున్నాం.

బుధవారం 5:10కి తిరుగు ప్రయాణం. ఊరు దాటగానే మంచు కమ్మింది. ఏడు వందల అడుగులు కాదు గదా, ముందు తెల్లగోడ తప్ప ఏమీ లేదు.

"పెద్దమ్మా, తెల్లవి ఆర్పేసి పసుపువి మాత్రం ఉంచుకుందాం. ఎదురోళ్ల కండ్లల్లోకి కొడతాండాయి" అన్నాడు మద్దిలేటి.

"రెండూ ఉండనీ. దూరం కనిపించొద్దూ?" అన్నాను.

5:35కి మంచులోంచి ఒక మోపెడ్ వచ్చింది. దాని మీది మనిషి చేయి కళ్లకు అడ్డం పెట్టుకోవడం, రోడ్డు దిగిపోవడం రెండూ చూశాను. మేము దిగి వెళ్లేసరికి అతను గుంతలో ఉన్నాడు. పాల క్యాన్లు మూతలూడి పడున్నాయి. పేరు ఈరన్న, తన రెండు గేదెల పాలకు ఊళ్లోవాళ్ల పాలు కలిపి రోజూ ఆదోని హోటళ్లకు పోస్తాడట. క్యాబిన్‌లో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెనక్కి, ఆదోని ఆసుపత్రికి తిప్పాం. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాల కట్టు.

ఎలా జరిగిందని డాక్టరు అడిగితే ఈరన్నే చెప్పాడు. "మంచు సార్. ఏమీ కనపడల్యా. నేనే పక్కకి దిగిపోయినా." నేను రెండు గజాల దూరంలో నిలబడి విన్నాను. డాక్టరు అదే రాసుకున్నాడు. మద్దిలేటి నా వైపు చూసి తల దించుకున్నాడు.

ఎనిమిదిన్నరకు ఈరన్న భార్య లక్ష్మమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు ఎత్తుకరాకపోతే ఆ గుంతలోనే పడుండేటోడమ్మా." "పర్లేదులే" అన్నాను. నా చేతులు విడిపించుకోలేదు కూడా.

మద్దిలేటిని ఈరన్నకు తోడుగా ఆసుపత్రిలో ఉంచి 11:15 బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఛార్జీ లేదు, సున్నా టికెట్టు. పక్కన కూర్చున్నామె అడిగింది. "ఆసుపత్రి నుంచేనా అవ్వా? ఎవురికి బాగలేదు?"

"దారిలో ఒకతను పడిపోయినాడు. మంచుకి."

నా నోటితో నేనే అన్నాను. తర్వాతి స్టాపులో దిగి, ఆటో ఎక్కి వెనక్కి వెళ్లాను.

ఈరన్న, లక్ష్మమ్మ ఇద్దరి ముందూ నిలబడి చెప్పాను: లైట్లు మూడు అంగుళాలు ఎత్తించింది నేను, వద్దన్నవాణ్ని నోరు మూయించింది నేను, ఆర్పుదామంటే ఆర్పనివ్వనిది నేను. లక్ష్మమ్మ నా ముందు నుంచి లేచి గోడ వైపు జరిగి కూర్చుంది. ఈరన్న తన కట్టు వైపు చూపించాడు.

"నాకు సెప్పినావు, ఇన్నాను. ఎనుములకి ఏం సెప్తావమ్మా? అవి పాలు పిండేకి నా సెయ్యి తప్ప ఇంకోరిది తాకనియ్యవు."

మద్దిలేటి లైట్లు దింపించడానికి బండిని మహబూబ్ దగ్గరకు తోలాడు. నాకు మొహం చెల్లక వెంట వెళ్లలేదు. 1:30 బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండ తేటగా ఉంది, రోడ్డు మైలు దూరం కనిపిస్తోంది. ఉదయం ఈ దారిలో నా ఎదుట ఇంకొకరుంటారన్న ఆలోచనే నాకు రాలేదు. 2:40కి ఎమ్మిగనూరులో దిగాను.

పోయినవి: ఆ ఉదయం పాలు, ఇరవై రెండు లీటర్లు. మోపెడ్ ముందు చక్రం, లైటు. ఈరన్న కుడిచేయి, నలభై రెండు రోజులు. జనవరి మొదటి వారానికి ఒక ఎనుము పూర్తిగా ఒట్టిపోయింది. రెండోది పూటకు లీటరే ఇస్తోంది.