స్ట్రెచర్‌కు పడ్డ తిట్లు

గద్వాల దగ్గరి మా చిన్న దవాఖానలో పెద్ద సిస్టర్ ఎవరి తప్పూ వాళ్ల మొహమ్మీద చెప్పేది కాదు. మూలనున్న స్ట్రెచర్‌ను తిట్టేది. నేను నర్సుగా చేరిన కొత్తలో, "ఏయ్ స్ట్రెచరూ! సూది ఇస్తున్నవా, గోడకు మేకు కొడ్తున్నవా?" అంది. పేషెంట్లతో సహా అందరూ నా వైపే చూశారు. రాయచూరు నుంచి వచ్చిన ల్యాబ్ అతను మాత్రం ఆమెకు స్ట్రెచర్‌తో ఏదో పాత పగ ఉందనుకున్నాడు.

హైదరాబాదు నుంచి బదిలీపై వచ్చిన డాక్టర్ ఒకరోజు మీటింగ్ పెట్టి, "ఎవరి లోపాలు వాళ్లకే ఎదురుగా చెప్పాలి. నాతోనే మొదలుపెట్టండి" అన్నాడు. అందరం నేల చూపులు చూశాం. పెద్ద సిస్టర్ బయటికెళ్లి స్ట్రెచర్‌ను లోపలికి తోసుకొచ్చింది.

"ఏందే, గిదేనా వచ్చే టైము? ముసలోళ్లు పొద్దుగాల్నుంచి కూసున్నరు, నీకు తెల్వదా?"

డాక్టర్ మొహం ఎర్రబడింది. కాసేపటికి ఆయనా స్ట్రెచర్ వైపు వంగి, "రేపట్నుంచి జల్దీ వస్తానని సిస్టర్‌కు చెప్పు" అన్నాడు.

రిటైరైన రోజు ఆమె పోతూ పోతూ స్ట్రెచర్ దగ్గర ఆగి, దాన్ని నిమిరింది.

"నీ చెయ్యి మంచిగ తేలికైంది బిడ్డా. సూది గుచ్చితె తెలుస్తనే లేదు."

స్ట్రెచర్ ఏమీ అనలేదు. నేనే ఏడ్చాను.