క్యూ వినని అమ్మాయి

2023 వేసవి. ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసు మేడ మీద ఆడిషన్లు పెట్టాం. నా పని క్యాస్టింగ్, అంటే పాత్రకు తగిన మనిషిని వెతికి డైరెక్టర్ ముందు నిలబెట్టడం. అది కాలేజీ కథ. హీరోయిన్ స్నేహితురాలి పాత్రకు "ఫాలోవర్లున్న పిల్లని చూడండి మేడం" అన్నారు నిర్మాత. ఈ మధ్య ఇదొక ఆనవాయితీ అయి కూర్చుంది. నాకు ఒళ్లు మంట, అయినా చూడక తప్పదు.

అలా వచ్చింది శ్రావణి. రహమత్ నగర్ అమ్మాయి, డిగ్రీ ఆఖరి సంవత్సరం. తన రీల్స్ లక్షల మంది చూస్తారట. చురుకైన కళ్లు, బెరుకు లేని నవ్వు. గదిలోకి రాగానే నచ్చేసింది. సాయంత్రం డైరెక్టర్ గారు వచ్చి ఒకసారి చూస్తే పాత్ర దాదాపు ఖాయమే.

ఎదుటి పాత్ర పలికే ఆఖరి మాటను మేము క్యూ అంటాం. అది విని మన డైలాగ్ అందుకోవాలి. "ఒసేయ్, మీ నాన్న వచ్చాడు, కింద ఉన్నాడు" అని నేను క్యూ ఇస్తే, శ్రావణి "రానీ, ఆయనతోనూ ఒక సెల్ఫీ దిగుదాం" అనాలి. భలేగా అంది. కానీ నా మాట వింటున్నట్టు లేదు, నా నోరు ఎప్పుడు ఆగుతుందా అని చూస్తోంది. రీల్స్‌లో మాట ముందే రికార్డయి ఉంటుంది, పెదవి కలిపితే చాలు. అనుమానం వచ్చి, చెప్పకుండా క్యూ మార్చాను. మా పనిలో అది పాత చిట్కా.

"ఒసేయ్, మీ నాన్నకి యాక్సిడెంట్ అయిందటే."

శ్రావణి కిలకిలా నవ్వింది. "రానీ, ఆయనతోనూ ఒక సెల్ఫీ దిగుదాం!"

కెమెరామన్ తలెత్తి నా వైపు చూశాడు.

"ఏమైంది మేడం? మంచిగ రాలేదా?" అంది శ్రావణి.

మానిటర్‌లో ఆ టేక్ వేసి చూపించాను. మొదటిసారి తన జుట్టు చూసుకుని సర్దుకుంది. మళ్లీ వేశాను. అప్పుడు నా మాట వినపడింది. ముఖం పాలిపోయింది.

"మా అమ్మ గూడ గిదే అంటది మేడం, నా మాట ఇంటలేవని. పొద్దుగాల గూడ ఏందో చెప్పింది. ఫోన్ చూస్కుంట ఊఁ అన్న."

"ఏం చెప్పింది?"

"యాదికి లేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే ఫోన్ చేసి అడుగు."

స్పీకర్ పెట్టకుండానే వాళ్లమ్మ గొంతు గదంతా వినిపించింది. "నాలుగు దినాల సంది చెప్తున్న గదనే! హాజరు తక్కువున్నదని కాలేజోళ్లు ఫోన్ చేసిండ్రు. ఇయ్యాల పోయి కాయితం మీద సంతకం పెట్టకపోతే పరీక్ష రాయనియ్యరంట. పోయినవా, లేదా?"

శ్రావణి గడియారం చూసింది, నన్ను చూసింది. "డైరెక్టర్ గారు వస్తరు గద మేడం?"

"వస్తారు. నీ కోసం ఆగరు. ఇంకో రోజు ఇస్తారన్న నమ్మకం కూడా లేదు. ఉంటావో వెళ్తావో నువ్వే తేల్చుకో."

కాసేపు పెదవి కొరుక్కుంటూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత చున్నీ సర్దుకుని గబగబా మెట్లు దిగి ఆటో ఎక్కింది. పాత్ర మరో అమ్మాయికి వెళ్లింది. నాకు బాధేసింది, కాదనను.

మాట చెప్పగలిగేవాళ్లు ఈ చుట్టుపక్కల వీధికి వందమంది దొరుకుతారు. వినగలిగేవాళ్ల కోసమే నేను వెతకాలని ఆ రోజు తెలిసింది. కాలేజీ పిల్లలు ఎవరొచ్చినా ఇప్పుడు వాళ్ల చేత ముందు డైలాగ్ చెప్పించను. నేనే ఏదో ఒక కబురు చెప్పి, నేనేం చెప్పానో అడుగుతాను. చాలామంది తడబడతారు.

ఆ సాయంత్రమే శ్రావణి ఫోన్ చేసింది. సంతకం పెట్టిందట, పరీక్ష రాయనిస్తారట. వెంటనే వాళ్లమ్మ ఫోన్ లాక్కుంది.

"మేడం, మీరేం జేసిండ్రో ఏమో. నేనేం చెప్పిన్నో నా బిడ్డ మల్ల నన్నే అడిగింది. ఎన్నేండ్లయిందో, అది నన్ను గట్ల అడగక."