కండెన్సర్ల మాట

ఆ ఇంజనీరు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల మొదట్లో చిట్యాలలో నాకు మోటర్ల వైండింగ్ దుకాణం ఉండేది. మా ఊరు అక్కడికి దగ్గరే. ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. పళ్లు గారపట్టి, మోకాళ్లు వంకరపోయిన జనం. మా అమ్మకు యాభై నిండకముందే నడుము వంగిపోయింది. మంచినీళ్ల బావి ఒక్కటే, దూరంగా గుట్ట కింద ఉండేది. దానికి మోటరు పెట్టారు గానీ, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు లేనప్పుడు కూడా నీళ్లు రావాలని గుట్ట మీద గాలిమర పెట్టిస్తామన్నారు సర్కారువాళ్లు.

దానికోసం వాళ్లు పంపిన ఆ ఇంజనీరు రెండు రకాల జనరేటర్లు నా దుకాణానికి తెచ్చాడు. డీజిల్ ఇంజన్‌కు బెల్టు వేసి రెండూ తిప్పి చూశాం. మొదటిది బ్రష్షులున్న ఆల్టర్నేటర్. తిప్పితే చాలు, దానంతట అదే కరెంటు ఇస్తుంది. కాకపోతే బ్రష్షులు అరుగుతాయి, ఎవరో ఒకరు మారుస్తుండాలి. రెండోది మన పొలాల మోటరు లాంటిదే. చవక, గట్టిది, ఏళ్ల తరబడి చూడక్కర్లేదు. దాన్ని కరెంటు లైనుకు కలిపి తిప్పితే బల్బు వెలిగింది. నేను లైను ఫ్యూజు పీకాను. ఇంజన్ తిప్పుతూనే ఉంది, బల్బు మాత్రం ఆరిపోయింది.

"సారూ, గిది లైన్ల కరెంటుంటెనే కరెంటిస్తది. మనకు కావాల్సింది కరెంటు పోయినప్పుడు గద," అన్నాను.

"బ్రష్షులు మార్చడానికి ఆ గుట్ట ఎవడెక్కుతాడు?"

"నేనెక్కుత."

ఆయన పకపకా నవ్వాడు. "నీ భాషే సరిగ్గా అర్థమై చావట్లేదు, నాకు పాఠాలు చెబుతున్నావా? మోటర్లు చుట్టుకోవయ్యా."

దుకాణంలో ఉన్న రైతులూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటికే నా నోటిదాకా ఇంకో మాట వచ్చింది. ఆ రెండోదానికే మూడు కండెన్సర్లు కడితే లైను లేకున్నా కరెంటు పుడుతుంది. గాలిని బట్టి ఎక్కువ తక్కువలైనా, బావి మోటరు తిరుగుతుంది. పాత మోటరుతో నేనే చేసి చూశాను. ఆ మాట మింగేశాను. గాలిమర నడవకపోతే ఊరంతా వీడి ముఖాన ఉమ్మాలి అనుకున్నాను.

ఆయన ఆ రెండోదాన్నే గుట్ట మీద పెట్టించాడు. ప్రారంభం రోజు జనమంతా వచ్చాక కరెంటు పోయింది. గాలి మాత్రం తువ్వాళ్లు ఎగిరిపోయేలా వీస్తోంది. రెక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. పైపులో చుక్క లేదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకొని చూస్తున్నారు. "లైను రావాలి కదా," అని గొణిగి ఇంజనీరు జీపెక్కాడు. నేను కడుపారా నవ్వాను.

"ఏందిరా, గంతగనం నవ్వుతున్నవ్? నీళ్లు రావా కొడుకా?"

వరుసలో మా అమ్మ.

"రావమ్మా."

"గీ ముచ్చట నీకు ముందుగాలనే ఎరుకనా?"

"నాకెట్ల ఎరుకైతది?" అన్నాను.

మూడు కండెన్సర్లూ దుకాణం అరలోనే ఉన్నాయి. మర్నాడైనా వెళ్లి బిగించవచ్చు. బిగిస్తే వాడి గాలిమర నడిచినట్టవుతుందని బిగించలేదు, ఆ తర్వాత కూడా. వాడి మీద కోపం ఇప్పటికీ ఉంది, నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ఆ రోజు అమ్మ ఊళ్లో బోరింగు దగ్గరికి పోయింది. నడుము వంగి కొట్టలేకపోతుంటే, ఆ ఫ్లోరైడ్ నీళ్లు ఆమె బిందెలోకి నేనే కొట్టాను.