పగలు లేపకూడదు

ఊరంతా దుప్పటి ముసుగు తన్నే వేళకి మేస్త్రి చొక్కా తగిలించుకుని పనికి బయలుదేరేవాడు. ఇళ్లు కట్టే మేస్త్రి కాదు, రొట్టెలు కాల్చే మేస్త్రి. బేకరీ వెనకగదిలో పిండి పిసకాలి, పొంగనివ్వాలి, రేకు అచ్చుల్లో సర్ది పొయ్యిలోకి తొయ్యాలి. జనం కళ్లు నులుముకుంటూ లేచేసరికి వేడి రొట్టె కొట్టు అద్దాల వెనక ఉండాలి. మీసాలు రాకముందు నుంచీ అతనికి అదే పని. పొద్దున్నే జుట్టులో పిండి దుమ్ముతో ఇంటికొచ్చి, కిటికీకి మందపాటి గుడ్డ కట్టుకుని పడుకునేవాడు. సూర్యుణ్ణి వచ్చేటప్పుడు కాస్త, పోయేటప్పుడు కాస్త చూసేవాడు, వీధి మలుపులో ఎదురుపడే ముఖపరిచయస్థుణ్ణి చూసినట్టు.

కూతురు పుట్టిన కొత్తలో, పసిదాని ఏడుపుకి ఒక పగలంతా కన్నంటుకోలేదు. ఆ రాత్రి పొయ్యి ముందు నిలబడే తూలాడు. కుడి ముంజేయి ఇనప తలుపుకి అతుక్కుపోయింది. ఆ పుండుకి మందు రాస్తూ భార్య ఇంట్లో ఒక చట్టం చేసింది: పగలు నాన్నని లేపకూడదు. లేపితే నాన్న చెయ్యి కాలుతుంది.

పిల్ల ముద్దుపేరు గువ్వ. అమ్మ, నాన్న అనడం కంటే ముందు అది నేర్చుకున్నది పెదాల మీద వేలు పెట్టి "ష్" అనడం. కాస్త పెద్దయ్యాక బడినుంచి వచ్చి చెప్పులు గుమ్మం బయటే విప్పేది. కంచం కింద గుడ్డ పరుచుకుని అన్నం తినేది. తుమ్మొస్తే దిండులో మొహం దాచుకునేది. "మీ ఇంట్లో అసలు పిల్లుందా?" అని చుట్టుపక్కలవాళ్లు అడిగితే తల్లి మురిసిపోయేది. "చీమ నడిస్తే చప్పుడవుతుందేమో గానీ, నా తల్లి నడిస్తే కాదు."

ఆ తల్లి ఒక జ్వరంలో పోయింది. చట్టం చేసిన మనిషి లేదు. చట్టం మాత్రం ఇంట్లో తిరుగుతూనే ఉంది, చెప్పులు లేకుండా.

తర్వాత రాత్రులు గువ్వకి తోడు పడుకున్నది పక్కవాటా మామ్మ. మామ్మ వేరే ఊరు మారిపోతుందని తెలిసిన వారంలోనే మరదలు వచ్చింది. భార్యకి సొంత చెల్లెలు, పిల్లల్లేరు. మాట కటువుగా ఉంటుంది గానీ మనసు అలాంటిది కాదు.

"బావా, గువ్వని నాతో తీసుకెళ్తాను. నీమీద కోపంతో కాదు."

మేస్త్రి బిత్తరపోయి ఆమెకేసి చూశాడు.

"నేను రాక్షసిని కాను, అలా చూడకు. సెలవుల్లో అందరం కలిసి సముద్రం దగ్గరికి పోదాం. అక్కడ నీకు పొయ్యి లేదు, బేకరీ లేదు. పగలు మెలకువగా ఉండి దాన్ని చూసుకోగలవని నాకు నమ్మకం కుదిరితే, ఇంక ఈ మాట ఎత్తను."

మేస్త్రి పోయి బేకరీ యజమాని కాళ్లావేళ్లా పడ్డాడు. సెలవులయ్యాక కొట్టులో పగటిపూట పని ఇస్తానన్నాడాయన, బతిమాలించుకుని బతిమాలించుకుని. "గల్లాపెట్టె దగ్గర కునుకు తీశావో, మళ్లీ పొయ్యి దగ్గరికే" అని కూడా అన్నాడు. అదే పదివేలు అనుకున్నాడు మేస్త్రి. ఇంక మిగిలిందల్లా తన ఒంటిని ఒప్పించడం.

ఒళ్లు ఒప్పుకోలేదు.

సముద్రపు ఒడ్డున రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నారు. కిటికీ ఊచలు తుప్పుపట్టి, పక్కల్లో ఇసుక, చెంబుల్లో ఇసుక, మాటల మధ్య పళ్లకింద ఇసుక. రాత్రి అందరూ పడుకున్నాక మేస్త్రి వరండాలో కళ్లు విప్పార్చుకుని కూర్చునేవాడు. చీకట్లో సముద్రం తెల్లగా పొంగుతూ, అణుగుతూ, మళ్లీ పొంగుతూ ఉండేది, ఎవరో మూత తీసి చూడడం మరిచిపోయిన పిండిలా. దాన్ని చూస్తూ చేతులు ఊరికే కదిలేవి. తెల్లవారి ఆకాశం ఎర్రబడగానే, పని అయిపోయిందని ఎవరో చెప్పినట్టు, ఒళ్లంతా ఒక్కసారిగా బరువెక్కేది.

దీపస్తంభం చూడ్డానికి వెళ్లారు. మెట్లు గుండ్రంగా పైకి పోతున్నాయి. "మీరు ఎక్కుతూండండి, ఊపిరి తీసుకుని వస్తా" అని మేస్త్రి కింది మెట్టుమీద కూర్చున్నాడు. వాళ్లు దిగి వచ్చేసరికి గోడకి తల ఆనించి నోరు తెరిచి ఉన్నాడు. పడవలో దీవికి వెళ్లారు. పడవ కదలక ముందే తాళ్ల చుట్టమీద ఒరిగాడు. నీటి కింద రంగుచేపలు మెరుస్తుంటే గువ్వ ఒక్కతే వంగి చూసి, తండ్రివైపు తిరిగి, మళ్లీ నీళ్లలోకి చూసింది.

"ఏం అన్నయ్యా, సముద్రాన్ని కళ్లతో చూసే ఉద్దేశం లేదా? గురకతోనే పలకరిస్తారా?" అన్నాడు మరదలి భర్త. మంచి నవ్వులమనిషి.

"మీ గోల పక్కన నా గురకెంత తమ్ముడూ."

"అదీ నిజమే. మీ మరదలు రోజూ అదే మాట, కొంచెం ఉప్పూకారం వేసి."

మరదలు నవ్వలేదు. గువ్వ తలలో ఇసుక దులుపుతోంది. చెప్పాల్సిన మాటని నోట్లోనే దాచుకుని, సెలవులు పూర్తయ్యేదాకా ఆగుతున్న మనిషిలా ఉంది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు, బస్సు టిక్కెట్ల కోసం భార్యాభర్తలిద్దరూ ఊళ్లోకి బయలుదేరారు. గువ్వని కూడా రమ్మంది మరదలు.

"దాన్ని నాతో ఉంచు," అన్నాడు మేస్త్రి. "ఇవాళ నాకు నిద్ర రావట్లేదు. నిజంగా."

మరదలు అతని కళ్లలోకి చూసింది. అవి ఎర్రగా, పెద్దగా, బతిమాలుతున్నట్టు ఉన్నాయి. "నీళ్లలోకి మాత్రం పోనివ్వకు బావా" అని వెళ్లిపోయింది.

నిజంగానే రాలేదు నిద్ర, చాలాసేపు. మేస్త్రి చల్లటి నీళ్లు మొహాన కొట్టుకుని, లుంగీ ఎగ్గట్టి తడి ఇసుకలో చతికిలబడ్డాడు. "నేను రాత్రుళ్లు ఏం చేస్తానో చూస్తావా?" అని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇసుకని ముద్ద చేసి, మడిచి, అరచేతి మొదలుతో నొక్కి, తిప్పి మళ్లీ మడిచాడు. పొడుగు రొట్టె, గుండ్రటి రొట్టె, జడలా అల్లిన రొట్టె. గవ్వ అంచుతో వాటిమీద గీతలు పెట్టాడు. "ఈ గీత పెట్టకపోతే, లోపలి ఆవిరికి దారి దొరక్క ఎక్కడపడితే అక్కడ పగిలిపోతుంది."

గువ్వ చిట్టి చేతులతో బన్నులు చేసింది. "మీ బేకరీలో నాకు పనిస్తారా?" అంది గుసగుసగా.

"నీకా? నా చేతిలో పనే లాక్కునేలా ఉన్నావు."

గువ్వ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా. ఆ నవ్వు చూసి మేస్త్రికి గుండె నిండిపోయింది. గెలిచాను అనుకున్నాడు. పగటి మనిషినయ్యాను అనుకున్నాడు. ఆ నిశ్చింతే అతని కొంప ముంచింది. వీపు నొప్పెడితే కాస్త వాల్చాడు. ఆకాశం నీలంగా, మెత్తగా మీదికి దిగి వచ్చింది.

లేచింది మరదలి కేకకి.

మొదట వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. మొహంమీద ఏదో చల్లని నీడ. ఆ నీడ గువ్వది. ఎండ తండ్రి కళ్లలో పడకుండా అటువైపు అడ్డంగా కూర్చుని ఉంది. పాదానికి తువ్వాలు చుట్టుకుంది. తువ్వాలు తెల్లదని మేస్త్రికి తెలుసు, ఇప్పుడది తెల్లగా లేదు. కింద ఇసుక నల్లగా తడిసింది. పిల్ల పెదాలు పాలిపోయాయి. అరుస్తూ పరుగెత్తుకొస్తున్న పిన్నిని చూసి, గువ్వ పెదాలమీద వేలు పెట్టింది.

"ష్."

బన్నులకి అద్దడానికి గవ్వలు ఏరుకుంటూ రాళ్ల దాకా వెళ్లింది. పగిలిన సీసా పాదంలో లోతుగా దిగింది. కుంటుకుంటూ వెనక్కి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఐస్‌క్రీం బండివాడు ఈ సంగతి తర్వాత లబలబలాడుతూ చెప్పాడు: "దూరం నుంచి చూసి, మీ నాన్నని లేపనా పాపా అన్నానండీ. వద్దంటూ చెయ్యి ఊపింది. ఆటేమో అనుకున్నా. రక్తం కనబడలేదండీ, ఒట్టు."

ఆసుపత్రిలో గాయం కడిగి కుట్లు వేశారు. చేతికి సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ పిల్ల తల నిమిరి, "నొప్పెయ్యలేదా నాన్నా? ఏడుపు రాలేదా?" అని అడిగింది.

"వచ్చింది. తువ్వాలు కొస నోట్లో పెట్టుకున్నా."

"మరి పక్కనే ఉన్న మీ నాన్నని పిలవచ్చుగా?"

గువ్వ ఆవిడకి తెలియని విషయం చెబుతున్నట్టు, ఓపిగ్గా చెప్పింది. "పగలు లేపకూడదండీ. లేపితే నాన్న చెయ్యి కాలుతుంది."

డాక్టరమ్మ మేస్త్రి ముంజేతి మీది మచ్చ చూసింది, ఎర్రబడిన కళ్లు చూసింది, తల దించుకుని మందులు రాసింది. మరదలు తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె వరండా బల్లమీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నవ్వులమనిషి చేతుల్లో టిక్కెట్లు ఊరికే మడతపెడుతూ నిలబడ్డాడు.

మేస్త్రి వెళ్లి మరదలి పక్కన కూర్చున్నాడు. తన కూతురు మంచిదనీ, చెప్పిన మాట వింటుందనీ ఇన్నాళ్లూ పదిమందితో గొప్పగా చెప్పుకున్నాడు. పిల్లని పెంచుతున్నాననే అనుకున్నాడు. తను నేర్పిందల్లా రక్తం కారుతున్నా నోరు మూసుకోవడం.

"తీసుకెళ్లమ్మా," అన్నాడు.

"బావా, ఇప్పుడేం వద్దు, ఇంటికెళ్లాక మాట్లాడదాం."

"ఇంటికెళ్తే నేను చెప్పలేను. రేపు ఇటునుంచి ఇటే తీసుకెళ్లు."

మర్నాడు రెండు బస్సులు. వాళ్ల బస్సు ముందు. సామాను సర్దడం అయ్యాక గువ్వని వరండా గట్టుమీద కూర్చోబెట్టి, కట్టుకట్టిన కాలు ఒళ్లో పెట్టుకుని, మేస్త్రి రెండో కాలికి చెప్పు తొడిగాడు.

"నాన్నా, నేనేం తప్పు చేశాను?"

"నువ్వు కాదు తల్లీ. నువ్వేం చెయ్యలేదు."

"ఈసారి లేపుతాను."

మేస్త్రి చెప్పు పట్టీ బిగిస్తూ ఉండిపోయాడు. అది ఎప్పుడో బిగిసింది.

గువ్వ అడిగింది, "పిన్ని వాళ్లింట్లో పగలు ఎవరు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు."

"మరి పగలంతా నేనేం చెయ్యాలి?"

"ఆడుకోవచ్చు. పాడుకోవచ్చు. అరవచ్చు."

"గట్టిగానా?"

"గట్టిగానే. ఎంత గట్టిగా అయినా."

గువ్వ తండ్రి చెవి దగ్గరికి వంగింది.

"నాకు రాదు నాన్నా," అంది గుసగుసగా.

వీధి చివర బస్సు హారన్ మోగింది. మేస్త్రి పిల్లని భుజాన ఎత్తుకుని నడిచాడు. కిటికీ పక్క సీట్లో పిన్ని ఒళ్లో కూర్చోబెట్టి, దిగిపోయాడు.