మూడని చెప్పిన బండి

ఏ బండి వచ్చినా అతను చేసే మొదటి పని ఒకటే. నడుముకు దోపుకున్న పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజను మీద ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు అదిమి, కళ్ళు మూసుకునేవాడు. ఎడమ చెయ్యి పైకి లేచేది. ఆ చెయ్యి లేస్తే షెడ్డులో సుత్తులు ఆగాలి, రేడియో ఆగాలి, బండి తెచ్చిన మనిషి కూడా తన గోడు మధ్యలో మింగెయ్యాలి. చెయ్యి దిగేసరికి జబ్బు ఏమిటో తేలిపోయేది.

అందుకే అందరూ చెవి మేస్త్రి అనేవారు. భార్య మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా మూతి తిప్పేది.

"ఇంజన్లు గుసగుసలాడినా వినబడుతుంది. వంటింట్లోంచి నేను గొంతు చించుకున్నా వినబడదు. అదేం చెవో!"

ఆ షెడ్డులోకి అతను పదమూడేళ్ళప్పుడు వచ్చాడు, ఐదేళ్ళ చెల్లెలితో సహా. తండ్రి లేడు. తల్లి దుప్పట్ల మిల్లులో పగటి షిఫ్టు చేసేది. పిల్లను వదిలిపెట్టడానికి ఇంకో చోటు లేదు. రిపేరుకు వచ్చిన కార్ల వెనక సీట్లలో ఆ పిల్ల నిద్రపోయేది, జ్వరం వస్తే అక్కడే మూలిగేది. సాయంత్రానికి బండి తీసుకుపోయే యజమానులు సీటు మీద బిస్కట్ పొడి చూసి సణిగేవారు.

దాని ఏడుపు మాన్పడానికి అతను ఒక ఆట కనిపెట్టాడు. వీధికి వీపు పెట్టి ఇద్దరూ కూర్చోవాలి. చప్పుడు వినగానే ఆ బండి ఇంజనులో ఉన్న సిలిండర్లు సరి సంఖ్యో బేసి సంఖ్యో చెప్పాలి. స్కూటరు ఒకటి, బేసి. ట్రాక్టరు మూడు, బేసి. కారు నాలుగు, సరి. లారీ ఆరు, సరి. ఆ పిల్ల అక్షరాల కంటే ముందు సిలిండర్లు నేర్చుకుంది.

"మూడు వణుకుతుంది. వణికితే తప్పులేదు, దాని పుట్టుకే అంత. కుంటితే మాత్రం లోపల ఒకటి చచ్చిందని అర్థం. వణుకు వేరు, కుంటు వేరు. తెలిసిందా?"

"కుంటితే ఏమనాలి? బేసా, సరా?"

"ఏమీ అనకూడదు. బానెట్ ఎత్తి చూడాలి."

చాలా ఏళ్ళ తర్వాత ఒక కంపెనీ ఒకే కారును రెండు రకాల ఇంజన్లతో అమ్మింది. పెట్రోలు తక్కువ తాగాలనుకునేవాళ్ళకు మూడు సిలిండర్లు, కుదుపు వద్దనుకునేవాళ్ళకు నాలుగు. తలుపులు, దీపాలు, రంగులు అన్నీ ఒకటే. వెనక డిక్కీ మీద అతికించిన చిన్న అక్షరాలు చూస్తే తప్ప బయటనుంచి తేడా తెలియదు. ఆ ఊళ్ళో నూటికి తొంభైమంది మూడే కొన్నారు.

ఆ కార్లు వచ్చాక చిన్నప్పటి ఆట పందెమైంది. అతను టీకొట్టు బల్ల మీద వీధికి వీపు పెట్టి కూర్చునేవాడు. "బేసి" అనేవాడు. ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి కారు వెనక అక్షరాలు చూసి, తల గోక్కుంటూ వచ్చి టీ చెప్పేవారు. పదకొండేళ్ళలో అతను తన టీ తాను కొనుక్కున్నది లేదు.

చెల్లెలు ఫొటోలకు ఫ్రేములు కట్టే అతన్ని చేసుకుంది. బావ నిదానస్తుడు. పలకలు పలకలుగా అద్దాలు మోసే మనిషి పరిగెత్తడు, మెట్లు రెండేసి దిగడు, ఎవరి మీదా చెయ్యి విసరడు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల ఐదో తరగతికి వచ్చాక, అద్దాలు రిక్షాలో తేవడం కష్టమవుతోందని ఒక పాత కారు కొన్నారు. ఆ రెండు ఇంజన్ల రకమే. డిక్కీ మీద అక్షరాలు ఎవరో ఎప్పుడో పీకేశారు. జిగురు మచ్చ మిగిలింది.

ఒక ఆదివారం పొద్దున బావ ఆ కారును తమ ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. మేస్త్రి అప్పటికే వచ్చి వరండాలో టీ తాగుతున్నాడు.

"లే బావా, నీ పుల్ల తెచ్చి చెవిలో పెట్టుకో."

"ఇక్కణ్ణుంచే వినబడుతోందిలే. బేసి."

"ఇంతలా ఊపేస్తోందేమిటి? నా పళ్ళు రాలేట్టున్నాయి."

"ఉన్న నాలుగు పళ్ళకు అంత బెంగెందుకు? మూడు సిలిండర్ల బండి. అలాగే వణుకుతుంది."

చెల్లెలు కారు పక్కన నిలబడి తల వంచి వింటోంది.

"అన్నయ్యా, కుంటుతున్నట్టు లేదూ?"

"ఐదేళ్ళప్పుడు నీకు నేర్పిన పాఠం ఇప్పుడు నాకే అప్పజెప్తున్నావా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అన్న చెవిని కాదని తన చెవిని నమ్మే అలవాటు ఆమెకు లేదు. అతను కుర్చీలోంచి లేవలేదు. గ్లాసులో టీ ఇంకా సగం ఉంది.

రెండు నెలల తర్వాత బావ షెడ్డుకు వచ్చాడు. మేస్త్రి ఒక వ్యాను కింద పడుకుని ఉన్నాడు. చెప్పులు చూసి గుర్తుపట్టాడు.

"బావా, బండి ఎత్తు ఎక్కనంటోంది. అద్దాలు వేస్తే మరీ మొండికేస్తోంది."

"మూడు కాళ్ళదాన్ని పట్టుకుని పరిగెత్తమంటే ఎలా పరిగెడుతుంది? దాని మానాన దాన్ని పోనీ."

"సరేలే."

చెప్పులు ఒక క్షణం అక్కడే ఉన్నాయి. తర్వాత వెళ్ళిపోయాయి.

నాలుగో రోజున గుట్ట దారిలో, ఒక లారీని దాటబోయి, ఎదురుగా వచ్చిన బస్సు కింద బావ పోయాడు. పోలీసులు కొలతలు తీసుకున్నారు. కాగితంలో కారణం దగ్గర ఒక్క ముక్క రాశారు: నడిపిన వ్యక్తి తొందరపాటు. కారును తీసుకుపొమ్మన్నారు. అది మేస్త్రి షెడ్డుకే వచ్చింది. చూడలేక, వెనక గోడ దగ్గర పెట్టించి టార్పాలిన్ కప్పాడు.

వారం తర్వాత ఆ లారీ డ్రైవరు వెతుక్కుంటూ వచ్చాడు. లారీని బయట ఆపి, లోపలికి రావడానికి మొహం చెల్లక గేటు దగ్గరే నిలబడ్డాడు.

"మీ చెల్లెలుగారి దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు మేస్త్రీ. మీకైనా చెప్పాలి. ఆయన దూకుడుగా రాలేదు. రోడ్డు ఖాళీగా ఉందని నేనే చెయ్యి ఊపి దారిచ్చాను. పక్కకొచ్చాడు. ఎవరైనా రెప్పపాటులో దాటిపోతారు. ఆయన పక్కకొచ్చి ఇక ముందుకు రాలేదు. నాతోపాటు నడుస్తున్నట్టు అలాగే ఉండిపోయాడు. నావైపు చూశాడు కూడా. ఇంతలో మలుపులోంచి బస్సు."

లారీ వెళ్ళిపోయాక మేస్త్రి టార్పాలిన్ తీశాడు. నలిగిన బానెట్‌ను గడ్డపారతో ఎత్తాడు. సిలిండరుకొకటి చొప్పున ఉండే ప్లగ్గులను వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. వేలు నాలుగో దాని మీదికి వెళ్ళింది.

నాలుగో ప్లగ్గు తీగ మాడి, లోపల తెగిపోయి ఉంది. దెబ్బకు తెగింది కాదు. ప్లగ్గు ఊడదీస్తే పచ్చి పెట్రోలుతో తడిసి, నల్లగా మసిపట్టి ఉంది. అంత మసి పట్టడానికి నెలలు కావాలి. బండి మొదటినుంచీ నాలుగు సిలిండర్లది. ఒకటి చచ్చి, మూడింటి మీద కుంటుతూ తిరిగింది. బానెట్ ఎత్తి ఉంటే టీ చల్లారేలోపు కొత్త తీగ వేసి ఉండేవాడు.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె పొయ్యి కట్టేసింది.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

"అయితే మీ దగ్గరే ఉండనివ్వండి. చెప్తే పోయిన మనిషి తిరిగొస్తాడా? మొగుడెలాగూ పోయాడు. ఉన్న ఒక్క అన్న కూడా లేకుండా చేస్తారా ఆ పిల్లకి?"

ఆ మాట అతనికి మందులా పనిచేసింది. చెల్లెలి మంచికోసమే నోరు మూసుకున్నానని నమ్మడం మొదలుపెట్టాడు.

రోజూ సాయంత్రం ఫ్రేముల షాపుకు వెళ్ళేవాడు. ఇప్పుడు షాపు చెల్లెలే నడుపుతోంది. ఆమె ఏడవడం లేదు. భర్త మీద మండిపడుతోంది.

"అద్దాలేసుకుంటే మాత్రం నత్తలా నడిపేవాడు. గాజుముక్క పగులుతుందని అంత జాగ్రత్త. ఆ రోజు అద్దాలు లేవుగా, ఇంట్లో మేమున్న సంగతి కూడా గుర్తులేదు. లారీ వెనకాలే వస్తే ఏం పోయేది అన్నయ్యా? పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి మమ్మల్ని అమ్మేశాడు."

గోడ నిండా ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు అద్దాల వెనకనుంచి చూస్తుంటారు. వాటి మధ్య బావ ఫొటో ఒక్కటే గోడవైపు తిరిగి ఉండేది. ఆమే తిప్పింది. మేస్త్రి దాని వెనక అట్టను, కొట్టిన చిన్న మేకులను చూస్తూ టీ తాగి లేచి వచ్చేవాడు.

నలభై రోజులు అలా గడిచాయి. ఒక సాయంత్రం ఆమె కూతురి స్కూలు నోటుపుస్తకం తీసి అతని ముందు పెట్టింది.

"చూడు నీ మేనకోడలు ఎంత బాగా రాసిందో. టీచరు మెచ్చుకుందట."

'మా నాన్న' అని శీర్షిక. గుండ్రటి అక్షరాలు. మా నాన్న ఫ్రేములు కట్టేవారు. మా నాన్న తొందరపడి చనిపోయారు. నేను ఎప్పుడూ తొందరపడను.

"బాగుంది," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, పిల్ల స్కూల్లో ఉన్న వేళ, మళ్ళీ వెళ్ళాడు. చెల్లెలు బల్ల మీద అద్దం పరిచి, స్కేలు ఆనించి గీత గీస్తోంది.

"అది కాసేపు ఆపు."

"చెప్పు. చెవులతోనేగా వినేది."

"ఆ కారు మూడు కాదు. నాలుగు."

ఆమె చెయ్యి ఆగింది. ఈ ఊళ్ళో ఇంకెవరికి చెప్పినా ఆ మాటకు అర్థం విడమర్చాలి. ఆమెకు అక్కర్లేదు.

"ఎప్పట్నుంచి చచ్చి ఉంది?"

"మీరు కొన్నప్పటికే."

"కుంటుతోందన్నాను నేను."

"అన్నావు."

"ఆయన నీ దగ్గరికొచ్చి ఎత్తు ఎక్కట్లేదన్నాడు. ఇంటికొచ్చి నాతో చెప్పాడు. మీ అన్నయ్య పర్లేదన్నాడు అన్నాడు."

అతను తల ఊపాడు.

"అయితే ఆయన తొందరపడలేదు."

"లేదమ్మా. దారి ఖాళీగా ఉంది. లారీవాడే దారిచ్చాడు. బండి లాగలేకపోయింది."

ఆమె అద్దం మీద సగం గీసిన గీతను వేలితో తడిమింది.

"నీకెప్పుడు తెలిసింది?"

నిన్న అనవచ్చు. ఇవాళ పొద్దున అనవచ్చు. కాదనేవాళ్ళు లేరు.

"నలభై రోజులు దాటింది."

ఆమె స్కేలు పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"బండి సంగతి వదిలెయ్. మనిషన్నాక పొరపడతాడు. నా చేతిలో ఎన్ని అద్దాలు వంకర పోలేదు! కానీ రోజూ నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఎదురుగా కూర్చుని టీ తాగావు. ఫొటో గోడకు తిప్పితే చూస్తూ ఊరుకున్నావు. నిన్న నా కూతురు రాసింది చదివి బాగుందన్నావు. వాళ్ళ నాన్న గురించి అది జీవితాంతం మోసుకు తిరగాల్సిన మాట, అన్నయ్యా. బాగుందన్నావు."

"నువ్వు నన్ను కూడా దూరం చేసుకుంటావేమోనని..."

"నాకోసమా?"

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి ఫొటోను తనవైపు తిప్పుకుంది. కొంగుతో అద్దం తుడిచింది. అది శుభ్రంగానే ఉంది. అయినా మూలలు కూడా తుడిచింది. భుజాలు కదలడం మొదలయింది. భర్త పోయినప్పటినుంచీ రాని ఏడుపు అది. అతను రెండడుగులు వేశాడు.

"దగ్గరికి రాకు."

ఆగిపోయాడు.

"పోలీసుల కాగితంలో ఇంకా ఆయనదే తప్పని ఉంది కదూ?"

"ఉంది."

"ఇక వెళ్ళు. రేపట్నుంచి టీకి రావద్దు."

అతను ఇంటికి వెళ్ళాడు. భార్య కంచం పెట్టి, కాసేపు ఆగి, తీసేసింది.

మర్నాడు పొద్దున అతను షెడ్డు తెరవలేదు. ఉతికిన చొక్కా వేసుకుని పోలీస్ స్టేషనుకు నడిచి వెళ్ళాడు. ప్లగ్గునూ తీగనూ గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాడు. కాగితాలు చూసే ఉద్యోగి ఇంకా రాలేదు. బల్ల మీద కూర్చుని గంటన్నర ఎదురుచూశాడు. వచ్చిన ఉద్యోగి అంతా విని, పాత ఫైలు తిరగేసి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇది మూసేసిన కేసు పెద్దాయనా. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు ఇది రాసిస్తే ఇక మీ షెడ్డుకి ఎవడైనా బండి తెస్తాడా?"

"తేరు."

"చనిపోయినాయనకి మీరేమవుతారు?"

"ఆయన భార్యకు అన్నని."

ఉద్యోగి ఒక తెల్లకాగితం, పెన్ను అతని ముందుకు జరిపాడు. రిపేరు చీటీలు తప్ప అతను ఎన్నడూ ఏమీ రాసినవాడు కాదు. పెన్ను బిగించి పట్టుకుని, ఆ ఆదివారం పొద్దుటినుంచి మొదలుపెట్టాడు. తాను కుర్చీలోంచి లేవలేదని రాశాడు. చెల్లెలు ఏమందో రాశాడు. వ్యాను కిందనుంచి తాను అన్న మాట ఉన్నదున్నట్టు రాశాడు. కొట్టివేతలతో, గ్రీజు అంటిన వేలిముద్రలతో కాగితం అటూ ఇటూ నిండిపోయింది.

ఇంకొకటి ఇమ్మని అడిగాడు.