మోకాలెత్తు గడ్డికి నాన్న కొన్న మిషన్

మా చిన్నప్పుడు... నవ్వకండి, 2012 కూడా నాకు చిన్నతనమే, అప్పుడు ఆరో తరగతి... అశోక్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి ముందు మోకాలెత్తు గడ్డి పెరిగింది. దాని మధ్యలో నాన్న ప్యాంటు పైకి మడుచుకుని, తల పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు శుక్రవారం. ఆదివారం ఓనరమ్మ వచ్చేస్తుంది.

లాన్ అంటే ఏదో పెద్దది అనుకునేరు... నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. పై వాటాలో ఉండే ఓనరమ్మ రిటైరైన టీచరు. పోయిన భర్త తన చేత్తో నాటిన గడ్డి అని దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది. ఆ వీధిలో అప్పటికే సగం ఇళ్లు గ్రూప్స్‌కు చదివే పిల్లల హాస్టళ్లయ్యాయి. ఈ ఇల్లూ ఇమ్మని అడిగేవాళ్లు రోజూ వచ్చేవారు. ఆమె మాత్రం మాతో ఒకటే అంది.

"నా గడ్డిని మంచిగ చూసుకోండ్రి సార్. ఎన్నేండ్లున్నా నాకేం ఫికర్ లేదు."

ఆ ఒక్క మాట మీదే మేం ఆ ఇంట్లో ఉన్నాం. అంతకుముందు మూడేళ్లలో మూడు ఇళ్లు మారాం... మూడూ హాస్టళ్లయినవే. ఇంకోసారి బియ్యం డ్రమ్ము, బీరువా ఎత్తాల్సి వస్తే తను పుట్టింటికి వెళ్లిపోతానని అమ్మ తెగేసి చెప్పింది.

ఓనరమ్మ కంటి ఆపరేషన్‌కని నెల రోజులు చెల్లెలింటికి వెళ్లింది. గడ్డి కోసే మాలి ఆ నెలలోనే మానేశాడు. పైగా వానలు. నాన్న రోజూ "రేపు చూద్దాం తియ్" అంటూ వచ్చాడు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

ఆ సాయంత్రం నన్ను స్కూటర్ ఎక్కించుకుని నారాయణగూడలో తోట సామాన్లు అమ్మే దుకాణానికి తీసుకెళ్లాడు. మూడు గడ్డి మిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి... పెట్రోలుది, కరెంటుది, చేత్తో తోసేది. పెట్రోలుది మాకు అందేది కాదు. కరెంటుది కొందామంటే అప్పట్లో కోతలు ఎప్పుడో, సరఫరా ఎప్పుడో ఎవరికీ తెలిసేది కాదు.

"జాగ ఎంతుంటది సార్?" అన్నాడు దుకాణదారు.

"నాలుగు మంచాలు పడ్తయ్."

"గంతనేనా? గట్లయితే తోసేది చాలు. కానీ గడ్డి పొట్టిగుంటెనే కోస్తది ఇది. ఇప్పుడెంత పెరిగింది?"

నాన్న ఒంగి చీలమండ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "గింతే."

నేను నోరు తెరిచాను. నాన్న నా వేలు గట్టిగా నొక్కాడు. నెలంతా గడ్డి మొహం చూడలేదని ముక్కూమొహం తెలియని మనిషి ముందు కూడా ఒప్పుకోలేకపోయాడు... నేనూ నోరు మూసుకున్నాను. అందుకే ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

శనివారం తెల్లవారగానే మొదలుపెట్టాడు. మిషన్ గడ్డిని కొయ్యలేదు, పడుకోబెట్టింది. తడి గడ్డి బ్లేడ్లకు చుట్టుకుని చక్రాలు కదలడం మానేశాయి. పీకి శుభ్రం చేయడం, మళ్లీ తోయడం... మధ్యాహ్నానికి చాప పరిచేంత జాగా కూడా తెగలేదు. నాన్న అరచేతులు బొబ్బలెక్కాయి. నేను ఆగలేక దుకాణంలో జరిగింది అమ్మకు చెప్పేశాను.

అమ్మ జాకెట్లు కత్తిరించే కత్తెర తెచ్చుకుని ఓ మూల కూర్చుంది. "నిజం చెప్తె ఏం పోతుండె? ఇజ్జత్ పోతుండెనా?" అంది. నాన్న బ్లేడ్లకు చుట్టుకున్న గడ్డి పీకుతూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దునకి సగం కూడా కాలేదు. నాన్నకు ఇక పిచ్చెక్కినట్టయింది. నల్లగొండ దగ్గర పొలాల్లో పెరిగినవాడు కదా... మోకాళ్ల మీద కూర్చుని, కలుపు తీసినట్టు రెండు చేతులతో పీకడం మొదలుపెట్టాడు. "నాన్నా, వేర్లు కూడా వస్తున్నయ్!" అని నేను అరిచాను. వినిపించుకోలేదు. చివరికి నేనూ ఏడుస్తూ పక్కన కూర్చుని పీకాను.

గేటు దగ్గర ఆటో ఆగింది.

నల్లద్దాలు పెట్టుకుని ఓనరమ్మ దిగింది. లాన్ సగం బోడి, సగం అడవి. నాన్న బురద చేతులతో లేచి నిలబడ్డాడు.

"తప్పయింది మేడం. నెలంత నేను చూడలే."

దుకాణంలో రాని మాట అప్పుడొచ్చింది. ఆమె నల్లద్దాలు కాస్త పైకెత్తి నాన్న చేతుల వైపు చూసింది.

"గడ్డే కద సార్... వానలున్నయ్, మొలుస్తది. ముందు ఆ చేతులకు ఏమన్న రాసుకోండ్రి."

ఆ రోజు మా ఇంట్లో పండగే. గడ్డి నిజంగానే మొలిచింది. నాన్న ఒక్క ఆదివారం కూడా వదలకుండా మిషన్ తోశాడు. పొట్టి గడ్డిని పాపం చక్కగానే కోసేది.

దసరా తర్వాత ఓనరమ్మ కిందికి వచ్చి మా కుర్చీలో కూర్చుంది. చూపు సరిగ్గా ఆనడం లేదని, చెల్లెలి దగ్గరే ఉండిపోతానని, ఇల్లు హాస్టల్‌కు మాట్లాడేశానని చెప్పింది. "గడ్డి గురించి కాదు సార్, ఒట్టు" అంది. నాన్న తలూపాడు. కానీ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు.

ఖాళీ చేసే రోజు టెంపో రాకముందే లేచి లాన్ మొత్తం కోశాడు. "పోయే ఇంటికి ఇదేందండి?" అంది అమ్మ. "అప్పజెప్పేటప్పుడు మంచిగుండాలె" అన్నాడు.

మేం బర్కత్‌పురకు మారాం. రెండు వారాల తర్వాత బడి నుంచి వస్తూ ఆ వీధిలోకి వెళ్లాను. లాన్ ఉన్నచోట సిమెంటు పోసేశారు. దాని మీద బైకులు నిలబెట్టి ఉన్నాయి.

ఓ రోజు అన్నం తింటూ నాన్న అడిగాడు. "అటు పోయినవా బిడ్డా? గడ్డి కోస్తున్నరా?"

"కోస్తున్నరు నాన్నా."

ఇప్పుడు ఆ వీధి పొడుగునా వెతికినా గడ్డిపోచ లేదు... నాన్నకు ఆ మాట ఇన్నేళ్లలో చెప్పలేకపోయాను. మీరూ ఇంట్లో ఎవరి కోసమైనా ఇలాంటిది దాచుకుని ఉంటే కింద కామెంట్లలో చెప్పండి... ఇది మా నాన్న చదవడు లెండి.