మా వదిన మాయం గెంతు

డిగ్రీ చదివే రోజుల్లో ఒక్క విషయంలో మాత్రం నాకు రవ్వంత అనుమానం ఉండేది కాదు. ఎప్పుడైనా దేవుడి ఉద్యోగం ఖాళీ పడితే, దానికి నన్ను మించిన అభ్యర్థి బరంపురంలో దొరకడు. పరీక్షల్లో లెక్కలు తప్పేవి, సైకిల్ చైను ఊడితే వేసుకోవడం చేతనయ్యేది కాదు. అయినా లోకాలను సృష్టించి, వాటికి ధర్మశాస్త్రం రాసి, తప్పొప్పులు తేల్చడానికే పుట్టానని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణం ఒక ఆట. నలుగురూ చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు వీరుడో, దొంగో, మంత్రగత్తో అయిపోయి, ‘నేనిప్పుడు ఇలా చేస్తాను’ అని చెబుతారు. చేసింది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. కథ నడిపేవాణ్ణి నేను. ఆ ఆట నిబంధనల పుస్తకం ఇంటర్నెట్‌లో దొరికింది గాని నాకు నచ్చలేదు. (నిజానికి సగం అర్థం కాలేదు.) అందుకని నిబంధనలు నేనే తయారుచేశాను.

ఆడేవాళ్లు నా స్నేహితులిద్దరు. ఒకడు భారీకాయుడు, మేం బండోడు అని పిలిచేవాళ్లం, ఎప్పుడూ వీరుడే. రెండోవాడు లాయరవుతానని అప్పటి నుంచే కనబడినవాడితోనల్లా వాదించేవాడు గనక వాడి పేరు పేచీ, వేషం దొంగ. ఆ వానాకాలం మా వదిన ఆటో దిగబోతూ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. తొడదాకా కట్టు వేశారు. పొలసర ఊరి నుంచి మా అన్నయ్యను చేసుకుని వచ్చి, ఏడాది తిరక్కుండానే మా గోసాని నువాగాం పేటలో ప్రతి కొట్టువాడి పిల్లల పేర్లూ తెలుసుకున్న మనిషి, ముందుగదిలో మంచానికి అంటుకుపోయింది. మా ఆట కూడా ఆ గదిలోనే, ఎందుకంటే ఇంట్లో సరిగ్గా తిరిగే ఫ్యాను అక్కడే ఉంది. కొన్నాళ్లు ఊరికే చూసి ఒకనాడు వదిన అంది:

“ఏటి మరిదీ, కత్తులంటారు, రాచ్చసుడంటారు, కూకున్న సోట్నించి ఒక్కడూ లెగడు. నాకూ ఒక వేసం ఇయ్యి.”

“ఏ వేసం కావాలొదినా?”

“నడక్కుండా ఎల్లిపోయే మనిసుంటాదా?”

ఉంటుంది. మంత్రగత్తె. ఆవిడకు ‘మాయం గెంతు’ అనే విద్య వచ్చు. ఇక్కడ మాయమైపోయి అక్కడ తేలుతుంది. ఉదారంగా ఇచ్చేశాను.

మహాయుద్ధం ఆదివారం పెట్టాం. పాత క్యాలెండరు వెనక నది, వంతెన, అవతలి ఒడ్డున కోట గీశాను. వంతెన నిండా చింతగింజల సైన్యం. అవతలి ఒడ్డున ఆవకాయ సీసా మూత, అంటే నా రాక్షసరాజు, మొలకి కోట దొడ్డితలుపు తాళంచెవి కట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం దాకా సాగాల్సిన యుద్ధం. మొదటి వంతు వదినది.

“గెంతీసేను. ఆడి ఎనకాల తేలేను. తాళంచెవి లాగీసేను. మల్లీ గెంతి ఇటొచ్చీసేను,” అంది, పాచిక వేసింది. ఇరవై పడింది. అమ్మ టీ తెచ్చేసరికి యుద్ధం అయిపోయింది. ఒక్క చింతగింజ కూడా కదల్లేదు. రాక్షసరాజు కోటలోకి పారిపోయి తలుపులు బిగించుకున్నాడు. బండోడూ పేచీ చప్పట్లు కొడుతుంటే నేను టీలో బిస్కెట్ ముంచి, అది విరిగి మునిగిపోయే దాకా అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆటకు సమతూకం అవసరమని నాకు ఆ సాయంత్రమే జ్ఞానోదయమైంది. కంటికి కనిపించే చోటికే గెంతాలన్నాను. “బండోడి భుజాలెక్కి సూస్తాను,” అంది వదిన. రోజుకొక్కసారే అన్నాను. మంత్రం చదువుతూ దగ్గితే చెల్లదన్నాను. ఇంకా మనసు కుదుటపడక దూరం కూడా కత్తిరించాను.

“ఇప్పుడెంత దూరం ఎల్లొచ్చు?” అంది.

“ఈ మంచం కాడ్నించి ఆ గుమ్మం దాకా.”

వదిన గుమ్మం వైపు చూసింది. “ఆ మాత్రానికి గెంతెందుకు బాబూ, మనిసన్నవాడు నడిసెల్తాడు,” అని, ఆ మాట తనకే తగిలినట్టు కట్టు వైపు చూసుకుంది. పేచీ లాంటివాడు కూడా వాదం మాని పాచిక కింద పెట్టేశాడు. నేను మాత్రం “మరి సమతూకం...” అంటూ మొదలుపెట్టాను. ఎదుటివాళ్ల ముఖం చదివే విద్య నా ధర్మశాస్త్రంలో లేదు.

తర్వాతి ఆటలో ఆవిడ వంతు వచ్చింది.

“మా మంత్రగత్తె సత్రంలో తొంగున్నాది. కాలు నొప్పి. సత్రంలో ఇయాల ఏటి వండేరు?”

పప్పు, వంకాయకూర అన్నాను. మర్నాడూ అంతే. కోటలోకి వెళ్లాలంటే తాళంచెవి కావాలి. తాళంచెవి ఆవిడ దగ్గరుంది. బండోడు బతిమాలాడు: “ఒదినా, నానొచ్చి తీసుకుంటాను, ఇచ్చీ.”

“నా దిండు కింద ఉంది. తొంగున్న ఆడమనిసి దిండు కింద సెయ్యెడతావేటి?”

బండోడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. లోకాన్ని రక్షించాల్సిన యుద్ధం ఆగిపోయింది, నేను రోజూ సత్రం వంటవాడిలా కూరలు వర్ణించడం మొదలుపెట్టాను. చివరికి పేచీ కూడా రాక్షసుణ్ణి మరిచి, చేపలపులుసు ఉందా అని అడగసాగాడు.

ఒక సాయంత్రం అన్నయ్య పట్టుచీరల కొట్టు నుంచి వచ్చి నన్ను పెరట్లోకి పిలిచాడు. ఆయనకు ఈ ఆట తలాతోకా తెలీదు. “ఏటన్నావురా దాన్ని? మీ ఆటున్న రోజే అది కాస్త నవ్వేది. ఇప్పుడదీ నేదు. ఆ గెంతేదో ఇచ్చీరా,” అన్నాడు, నా దగ్గర గెంతు జేబులో ఉన్నట్టు.

మర్నాడు నిబంధనలను ‘పునఃపరిశీలిస్తున్నట్టు’ ప్రకటించాను. (లొంగిపోయాననే మాటకు అప్పట్లో నేను వాడిన పదం.) ఏం మారిస్తే బాగుంటుందో వదిననే చెప్పమన్నాను.

“దూరం ఒగ్గీ, ఎంతైనా ఎల్లనీ. కానీ గెంతినోడికి కల్లు తిరగాల. ఒక వంతు అక్కడే కదలకుండా నిల్సుండిపోవాల.”

“ఇది అందరికీనా?” అన్నాడు పేచీ.

“అందరికీ,” అన్నాను ఉత్సాహంగా. తన గెంతుకు తానే కళ్లెం వేసుకుంది పాపం, అనుకున్నాను. “ఠిక్ అచ్చి,” అని ఒడియాలో సరేనంది వదిన, బుద్ధిగా.

మంత్రగత్తె మంచం దిగింది. దొడ్డితలుపు తెరుచుకుంది. చింతగింజలు చెల్లాచెదురయ్యాయి, రాక్షసరాజు ఒక మూలకు చిక్కాడు. నేనేమీ కంగారుపడలేదు. వాడు వికటాట్టహాసం చేసి, మాయమై, బురుజు మీద తేలి, మళ్లీ వస్తానని శపథం చేసి పోవాలి. వాణ్ణి అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి కథ నడపాలని నా పథకం. గొంతు సవరించుకుని నవ్వాను. మూతను ఎత్తి బురుజు మీద పెట్టాను.

“గెంతీసేడా?” అంది వదిన.

“గెంతీసేడు!”

“అయితే నిల్సుండాల కదా?”

నా నవ్వు సగంలో ఆగింది. “ఆడు రాచ్చసుడొదినా, ఆడికి కల్లు తిరగవు.”

“అందరికీ అంటే అందరికీ,” అన్నాడు పేచీ. వాడు లాయరు కావడం అప్పుడే ఖాయమైందనుకుంటాను.

“బండోడా, మెట్లెక్కు,” అంది వదిన. “తొందరేటి నేదు.”

బండోడు తాపీగా మెట్లెక్కాడు. దారిలో ఆగి నా చెంబులోంచే మంచినీళ్లు తాగాడు. పాచిక వేశాడు. రాక్షసరాజు తన శపథం పూర్తిచేయకుండానే పోయాడు. వదిన నవ్విన నవ్వుకు మంచం కిర్రుమంది, వంటింట్లోంచి అమ్మ వచ్చింది. “ఆవకాయ సీసా మూత ఇక్కడుందేటి? ఎన్నాల్నించో ఎతుకుతన్నాను,” అని బురుజు మీది శవాన్ని పట్టుకుపోయింది. అంత్యక్రియలు అలా జరిగాయి.

కట్టు విప్పారు. ఒక ఆదివారం నేను కొత్త కోట, కొత్త రాక్షసుడితో (ఈసారి అప్పడాల డబ్బా మూత, అమ్మ అనుమతితో) సిద్ధంగా కూర్చుంటే, వదిన సంచీ పట్టుకుని వీధిలోకి దిగుతోంది.

“ఒదినా, ఆట!”

“మీరాడుకోండి బాబూ. నాను బజారెల్లొస్తాను.”

గోడలు పట్టుకుంటూ, కొట్టుకొట్టు దగ్గరా ఆగి అందరితో మాట్లాడుతూ వెళ్లింది. ఆవిడ లేకుండా మొదలుపెట్టడం ముగ్గురికీ చేతకాలేదు. ఇంత కోట కట్టినవాణ్ణి వంకాయల కోసం వదిలేసి పోయిందని నాకు నిజంగానే కోపం వచ్చింది. చీకటిపడే వేళకు వదిన సంచీ నిండా కూరగాయలతో, నోటి నిండా కబుర్లతో తిరిగొస్తే, పాచిక పిడికిట్లో బిగించి, మూతి ముడుచుకుని కూర్చునే ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలీ నవ్వూ కలిసి వస్తాయి. వాడి నెత్తిన చిన్న మొట్టికాయ వేసి చెప్పాలనిపిస్తుంది: “లెగరా, ఎదురెళ్లి ఆ సంచీ అందుకో. బరువుగా ఉంటాది.”